ఒంటికొమ్ము పొట్టేలుతోని షూటింగు

కొంగరకలాన్‌ల కొత్త కలెక్టరేట్ పని నడుస్తున్న ఏడాది, ఆషాఢానికి కొంచెం ముందు, నన్ను ఒక కుటుంబ హాస్య చిత్రానికి ప్రొడక్షన్ మేనేజర్‌గా పెట్టుకున్నరు. షూటింగ్ మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కలనే. నేను ఈ ఊరోన్ని కాబట్టి పని నాకొచ్చింది. చదువు చూసి ఇయ్యాలంటే వచ్చేది కాదు. ఏడో తరగతిల నేను బడిని విడిచిపెట్టిన్నో, బడి నన్ను విడిచిపెట్టిందో ఇప్పటికీ తేలలే.

ప్రొడక్షన్ మేనేజర్ అంటే ఏం జేస్తడో చాలామందికి తెల్వదు. డైరెక్టర్ ఏనుగు కావాలంటడు. ఏనుగును తెచ్చుడు, దానికి పర్మిషన్ తెచ్చుడు, అది తిన్నదా పండిందా చూసుడు, అంతా అయినంక "ఏనుగొద్దు, నెమలి పెడదాం" అంటే నవ్వుకుంట నిలవడుడు, ఇదంత మేనేజర్ పని. తప్పు ఎవ్వలు జేసినా అది నడుసుకుంట వచ్చి ఆగేది మేనేజర్ కుర్చీ కాడ.

సినిమా కథ ఇది. శేరిగూడ దిక్కు కాలనీల ఉండే ఒక ఆంధ్ర కుటుంబం కొత్త వియ్యంకులకు దావత్ ఇయ్యాలె. చేతిల పైసల్లేవు. తండ్రి, తల్లి, అల్లుడు, నానమ్మ కలిసి పక్కూరి పొట్టేలును దొంగిలిస్తరు. తీరా చూస్తే అది అమ్మవారి పొట్టేలు. కోసుకోరాదు, తిరిగి ఇయ్యబోతే దొరికిపోతరు. బాత్రూంల దాస్తే అది పెండ్లి చీర తింటది. కథ మంచిగనే ఉన్నది. కాకపోతే పొట్టేలు అమ్మవారిది ఎట్లైతదో రాసినోళ్లల్ల ఒక్కలకూ తెల్వదు.

పొట్టేలును యాచారం దిక్కు బాలమ్మ అనే ఆమె దగ్గర కిరాయికి తీసుకున్నం. గొర్లు కాసే ఇల్లు. ఆ పొట్టేలు పేరు దొర. ఆ పేరెందుకు పెట్టినవక్కా అంటే, "పని జెయ్యడు, తింటడు, అడ్డమొస్తే పొడుస్తడు. ఇంకేం పేరు వెట్టాలె?" అన్నది.

మా పనిల ఒక కాయిదా ఉన్నది. జంతువును పెట్టుకుంటే అసుంటిదే ఇంకోటి డూప్‌గ ఉండాలె. ఒకదానికి జ్వరమొస్తే రెండోది నిలవడుతది. దొరకేమో ఒక్కటే కొమ్ము, రెండోది ఎన్నడో విరిగిపోయింది. అసుంటి డూప్ యాడ దొరకాలె? డైరెక్టర్ మురళి గారికి అదే నచ్చింది. భీమవరం దిక్కు మనిషి, మెత్తగ మాట్లాడుతడు, మెత్తగనే ముంచుతడు. "నర్సింహ గారూ, దాని మొహంలో క్యారెక్టర్ ఉందండీ" అన్నడు. క్యారెక్టర్ ఉన్నది సార్, కొమ్మే లేదు అన్న. వినలే.

సగం సినిమా దొరతోనే తీసినం. ఇంక దొర లేకుంటే ఆ సగం చెత్తబుట్టల పడుతది. ప్రొడ్యూసర్ ఆదిబట్ల కాడి ప్లాటు అమ్మి మొదటిసారి ఈ పనిలకు దిగిండు. సినిమా ఆగితే అమ్మెటందుకు ఆయనకు ఇంకో ప్లాటు లేదు.

పొట్టేలు అమ్మవారిదని చూపించే సీను వచ్చింది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌తోని థర్మాకోల్ గుడి చేయించి పెట్టిన. ఆ రోజు నేను ఒక పర్మిషన్ కాయితం కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతున్న. ఇక్కడ మురళి గారికి థర్మాకోల్ గుడి నచ్చలే. పొలం గట్టు మీద నిజం పోచమ్మ గుడి ఉన్నదని కెమెరా అటు తిప్పిండు. దొరకు పసుపు రాసి, మెడల వేపాకు దండేసి, అమ్మవారి ముంగట నిలవెట్టి, చూడనీకి బాగుంటదని తనే చెంబుతోని వీపు మీద నీళ్లు చల్లిండు. దొర తల నుంచి తోక దాక ఒక్క తీరుగ దులపరించింది. యూనిటంత చప్పట్లు కొట్టిన్రు. చూడవచ్చిన ఊరోళ్లు మాత్రం కొట్టలే, దండం పెట్టిన్రు.

మా దిక్కు దాన్ని జడ్తి ఇచ్చుడంటరు. అమ్మవారి ముంగట నీళ్లు చల్లితే యాట ఒళ్లు దులిపిందంటే అమ్మ ఒప్పుకున్నట్టు. ఇంక దాన్ని కోసుడే, వెనుకకు తోలుకపోవుడు లేదు.

నేను వచ్చేటాల్లకు బాలమ్మ గుడి ముంగట కూసున్నది. ఆమె బిడ్డ కాన్పుకొచ్చి ఇంట్ల ఉన్నది, నెలలు నిండినయ్. "అది ఇప్పుడు నాది గాదు తమ్మీ, నీది గాదు. అమ్మ నోటికాడిది గుంజుకొని నా బిడ్డకు ఏమన్నయితే నువ్వొస్తవా, మీ సారొస్తడా?" అన్నది. అడిగినదాంట్ల తప్పు లేదు. కాని షూటింగుల ఉన్న జంతువుకు గీత పడ్డా సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ రాదు. అటు అమ్మవారు, ఇటు కాయిదా, నడుమ నేను.

కో-డైరెక్టర్ కిషోర్‌ది చురుకు బుర్ర. డైరెక్టర్ కింద ఏర్పాట్లన్ని చూసే పిలగాడు. సంతల ఇంకో పొట్టేలును కొనిచ్చి, అమ్మకు ఇది ఇద్దాం అన్నడు. బాలమ్మ ఎగాదిగా చూసింది. "నీకు జర్రమొస్తే పక్కింటోనికి సూదేపిస్తరా బిడ్డా?" అన్నది. కిషోర్ నోరు మూసుకున్నడు, బుర్ర మూసుకోలే. అది మా ఖర్మ.

పగటి బువ్వ టైముకు అందరికి బంతి కూసోబెట్టిన. ఊరోళ్లు సుత తింటున్నరు. మురళి గారు, కిషోర్ కనిపించలే. కథ గురించి మాట్లాడుకుంటున్నరు కావచ్చనుకున్న. వాళ్లు కథ మాట్లాడుతలేరు, కథనే చేస్తున్నరు. దొరను జనరేటర్ వ్యాన్ల ఎక్కించి, శేరిగూడ అవతల ఇంకో ఇంట్ల మిగతా సీన్లు తీసేద్దామని.

మాది సింక్ సౌండ్ సినిమా. అంటే మాటలు తర్వాత డబ్బింగుల కాకుండ షూటింగ్ కాడనే పట్టుడు. దొర గంట చప్పుడు మంచిగ రావాలని సౌండాయన వేపాకు దండ కింద చిన్న మైకు కట్టిండు. అది వైర్లేని మైకు. బువ్వకు లేసినప్పుడు ఎవ్వలూ తియ్యలే. సౌండాయన టేబుల్ మీది స్పీకర్ సుత బంద్ చెయ్యలే.

బంతిల సాంబారు పోస్తున్నరు. స్పీకర్ల నుంచి కిషోర్ గొంతు లేసింది: "వెనక నుంచి తొయ్యండి సార్."

మురళి గారి గొంతు: "కాలు తొక్కేసిందయ్యా. మెల్లగా, మెల్లగా. ఆవిడ చూడట్లేదుగా?"

"ఆమె పప్పు కలుపుకుంటున్నది సార్."

బాలమ్మ నిజంగనే పప్పు కలుపుకుంటున్నది. చెయ్యి ఆగింది.

"అమ్మవారికేమైనా కోపం వస్తుందంటావా?"

"అమ్మవారికి సినిమా వాళ్ల మీద కోపముంటే మీ మొదటి సినిమాకే చూపించేది సార్."

తర్వాత దొర ఒక్కసారి గట్టిగ అరిచింది, డబ్బా పడ్డ చప్పుడైంది. బంతిల ఒక్కలు సుత నమలుతలేరు. స్క్రిప్టుల ఇదే సీను ఇంత బాగ రాయలే.

బాలమ్మ చెయ్యి కడుక్కొని పోయి వ్యాన్ తలుపు తీసింది. మురళి గారు తాడు పట్టుకొని, "ఎండగా ఉందని నీడలో కట్టేద్దామనీ..." అన్నడు. ఊరి పెద్దమనుషులు షూటింగ్ బంద్ అన్నరు. ప్రొడ్యూసర్ ఫోన్ల ఏడ్వకుండ ఏడుస్తున్నడు.

అప్పుడు నేను బాలమ్మ పక్కన కూసొని, అక్కా, ఏం జేస్తే అమ్మ ఆగుతది అని అడిగిన. అప్పటిదాక అందరు ఆమెకు చెప్పెటోళ్లే, అడిగినోడు ఒక్కడు లేడు. ఆమె గుడి దిక్కు చూసి చెప్పింది. "పసుపు గుడ్డల ముడుపు గట్టాలె. బోనాల దాక ఆగుమని మొక్కాలె. ఎవ్వలు నీళ్లు చల్లిన్రో వాళ్లే మొక్కాలె, ఆ రోజు వాళ్లే వచ్చి అప్పజెప్పాలె. పొద్దూకితే దొర నా కొట్టంల ఉండాలె." అంతే. పెద్దమనుషులు సరేనన్నరు.

మురళి గారు చెప్పులిడిచి, దొర ఉన్న ఒక్క కొమ్ముకు ముడుపు కట్టి మొక్కిండు. దానితోని ఇంకో తిప్పలు మొదలైంది. అంతకుముందు తీసిన సీన్లల్ల కొమ్ముకు ముడుపు లేదు, ఇప్పుడున్నది, విప్పరాదు. దీన్ని కంటిన్యుటీ దెబ్బతినుడంటరు. రాత్రికి రాత్రి నానమ్మ పాత్ర దొంగతనానికి భయపడి పొట్టేలుకు ముడుపు కట్టే సీను రాసిన్రు. సినిమా వచ్చినంక అందరు మెచ్చుకున్నది ఆ సీనే. ఇంటర్వ్యూలల్ల మురళి గారు అది తన చిన్ననాటి జ్ఞాపకం అని చెప్పిండు.

దొర సీన్లు ఒడిసినంక పశువుల డాక్టర్‌తోని చూపించి, ఒంటి మీద గీత లేదని సంతకం తీసుకొని బాలమ్మకు అప్పజెప్పినం. ఆమె బిడ్డకు కొడుకు పుట్టిండు, ఇద్దరు మంచిగున్నరు. బోనాలనాడు మురళి గారు మాట ప్రకారం వచ్చి, తాడు పట్టుకొని గుడి దాక నడిచిండు, అప్పజెప్పిండు. దావత్ల మాత్రం కూసోలే. నా కార్ల ఏసీ వేసుకొని పెరుగన్నం తిన్నడు. బాలమ్మ నాకు మాంసం వడ్డిస్తూ, మీ సారు మంచోడే తమ్మీ, జర అడగనేర్వడు, అన్నది.

ఆ తర్వాత నేను ఇంకా చాన సినిమాలు చేసి రిటైరైన. ఎడ్లు, కోళ్లు, ఒకసారి ఒంటె సుత పెట్టినం. ఏ ఊర్ల ఏది కిరాయికి తీసుకున్నా మైకు నేనే తీసిన, స్పీకర్ నేనే బంద్ జేసిన. దాన్ని పెట్టి ఏమేం చెయ్యచ్చో, ఏం చెయ్యద్దో ముందుగాల దాన్ని పెంచిన ఇంటామెను అడిగిన. డైరెక్టర్‌ను తర్వాత అడిగిన. కొన్నిసార్లు అడగలే.