పావుగంటలో అయిదు మైళ్ళు

మా అన్న వెంకటమునికి ఈత రాదు. స్వర్ణముఖిలో మోకాటి లోతు నీళ్ళకే భయపడే మనిషి, పద్నాలుగేళ్ళు సరుకుల ఓడలో చుక్కాని పట్టాడు. మద్రాసు, విశాఖ, కలకత్తా, మళ్ళీ వెనక్కి. శ్రీకాళహస్తిలో మా వీధివాళ్ళు ఈతరానోడికి ఓడ పనేందని నవ్వేవాళ్ళు. ఈదేది ఓడ, దారి చూసేదే నా పని అనేవాడు అన్న.

దారి చూడటమంటే ఏమిటో నాకు నేర్పింది ఆయనే. సెలవుకు వచ్చినప్పుడు తిరుపతి నుంచి కాళహస్తి బస్సులో నన్ను కళ్ళు మూసుకోమనేవాడు. బస్సు ఎంత వేగంతో పోతోంది, ఎంతసేపయింది, ఎటు తిరిగింది, అయితే ఇప్పుడెక్కడున్నాం? తప్పు చెప్తే నెత్తిన మొట్టికాయ. గట్టు కనపడని చోట ఓడవాళ్ళు చేసేదీ ఇదేనట. దిక్సూచి చూపే దిక్కు, గంటకు నడిచే దూరం, గడిచిన కాలం తెలిస్తే చాలు, పటం మీద పెన్సిలుతో గీత గీసి ఓడ ఇక్కడుందని చుక్క పెట్టవచ్చు. దిక్కులో ఒక్క డిగ్రీ తప్పితే అరవై మైళ్ళకు ఒక మైలు పక్కకు పోతాం. ఆడపిల్లకు ఇవన్నీ దేనికిరా అని మా అమ్మ గొణిగేది.

నా పెళ్ళి చేసింది కూడా అన్నే. మా ఆయన మునికృష్ణది రేణిగుంట. పనీపాటా లేకుండా తిరుగుతుంటే, అన్న కంపెనీవాళ్ళ కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని తన ఓడలోనే కలాసీగా చేర్పించాడు.

1974 నవంబరులో ఓడ విశాఖ నుంచి మద్రాసుకు వస్తోంది. ముసురు పట్టి గట్టు కనపడటం లేదు. చుక్కాని అన్న చేతిలో ఉంది. పక్కన నిలబడి ముందుకు చూసే కాపలా మా ఆయనది. మధ్యాహ్నం రెండింటికి ఒక దీపస్తంభం దాటారు. అయిదింటికి ఓడ ఇసుక తిప్ప మీదికి ఎక్కి కూర్చుంది. నడవవలసిన గీతకు అయిదు మైళ్ళు పడమరగా ఉందది. దేవుడి దయ, ప్రాణాలేమీ పోలేదు.

పోయింది అన్న బతుకే. ఓడ ఏ దిక్కున పోవాలో చెప్పే రెండో ఆఫీసరు, తాను సరైన దిక్కే చెప్పానన్నాడు. ఆయన చెప్పిన దిక్కునే మూడు గంటలూ పట్టాననీ, ఆ దిక్కే తప్పనీ అన్నాడు అన్న. సాక్షి మా ఆయనొక్కడే. కంపెనీ విచారణలో, వెంకటముని చుక్కాని మీద కునికాడని చెప్పాడు. అన్న సర్వీసు పుస్తకంలో చెడ్డ రాత రాశారు. ఆ రాత చూసినవాడెవడూ మళ్ళీ ఓడ ఎక్కనివ్వలేదు. రేణిగుంట గోడౌనులో బస్తాలు లెక్కపెట్టే పనికి చేరాడు. మరుసటేడు ఆ చుక్కాని మా ఆయన చేతికొచ్చింది.

నేను కట్టుకున్నవాణ్ణే నమ్మాను. చెప్పేటప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు మరి! పరువు తీశాడని అన్న మీద మండిపడ్డాను. నలుగురిలో నిద్రమొహమని కూడా అన్నాను. అన్న ఒక్క మాట అనలేదు.

నాలుగేళ్ళ తర్వాత మా పాపకు తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించి, తిరుపతిలో మా ఇంట్లో భోజనాలు పెట్టాం. మా ఆయన చుట్టాలకు మళ్ళీ ఆ కథ ఎత్తుకున్నాడు. కాపలావాడు నువ్వేం చేస్తున్నావని ఎవరో అడిగారు.

"నేను టీ తెచ్చేదానికి దిగినానబ్బా. ఆ పావుగంటలోనే మా బావ కునికినాడు. అంతవరకూ ఓడ గీత మీదే పోతా ఉన్నింది."

పప్పు వడ్డిస్తూనే లెక్క వేశాను. ఆ ఓడ గంటకు పది మైళ్ళు నడుస్తుంది. పావుగంటకు రెండున్నర. ముక్కు నేరుగా పడమటికి తిప్పినా రెండున్నరకు మించి పోలేదు. మరి అయిదు మైళ్ళు ఎలా పోయింది? మూడు గంటల్లో నడిచిన ముప్పై మైళ్ళలో అయిదు మైళ్ళు పక్కకు పోవాలంటే పది డిగ్రీల తప్పు మధ్యాహ్నం రెండింటి నుంచీ ఉండాలి.

చుట్టాలు వెళ్ళాక ఆ లెక్క మా ఆయన ముందు పెట్టాను. కాసేపు బుకాయించాడు. తర్వాత కక్కాడు. దిక్కు తప్పు చెప్పింది ఆఫీసరే. వెంకటముని మీదికి తోస్తే చుక్కాని నీకిస్తానని ఆశ పెట్టాడట. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనిషితో నాలుగేళ్ళు కాపురం చేశాను నేను. "నీ కోసమే గదా చేసింది. అప్పుడు నువ్వు కడుపుతో ఉంటివి," అన్నాడు.

తెల్లారి మొదటి బస్సుకే అన్న దగ్గరికి పోయి, కాళ్ళ మీద పడి ఏడ్చాను. ఆయన ఆశ్చర్యపోలేదు. అదే నన్ను చంపింది.

"ఆ అబద్ధం లెక్కకు నిలవదని నీకు ముందే తెలుసునా అన్నా?"

"విచారణ నాడే తెల్సుమ్మా. నా ఎదురుగానే గదా ఆ పావుగంట మాట చెప్పినాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నీ కాపురం నిలుస్తాదా? నీ కోసమే ఊరకుండినా."

ఒళ్ళు మండిపోయింది. ఒకడు నా పేరు చెప్పి అన్నను అమ్ముకున్నాడు. ఇంకొకడు నా పేరు చెప్పి నోరు మూసుకుని, నాలుగేళ్ళు నా చేత తన్నే తిట్టించుకున్నాడు. దొంగ పక్కన పడుకోవాలో వద్దో నన్ను అడగాలని ఇద్దరికీ తోచలేదు. కంపెనీకి ఇప్పుడైనా రాయమంటే, పాపకు అన్నం పెట్టే చెయ్యిని ఎట్లా నరుకుతానన్నాడు అన్న.

నేను వాదించలేదు. తిరుపతికి వచ్చి పెద్ద పోస్టాఫీసు బల్ల మీద కూర్చుని కంపెనీకి లెక్కంతా రాశాను. దీపస్తంభం, మూడు గంటలు, ముప్పై మైళ్ళు, పావుగంట. మా ఆయన ఒప్పుకున్న మాటా రాశాను. ఈ ఉత్తరం చేరితే మా ఇంట్లో పొయ్యి వెలగదని తెలుసు. కింద మునికృష్ణ భార్య పంకజాక్షి అని సంతకం చేసి రిజిస్టరు చేయించాను. వాళ్ళిద్దరూ నన్నడగలేదు. నేనూ వాళ్ళనడగలేదు.