చిలక పంజరంలో రెండు గినీపిగ్‌లు

మనవడు గినీపిగ్‌కి పంజరం కొనాలని టేపుతో గది కొలుస్తుంటే, మా చిత్తూరు ఇంటి చూరుకు వేలాడిన చిలక పంజరం గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ ఉండేది కదూ, గుండ్రంగా, పొడుగ్గా, తుప్పు వాసనతో?

చిలక చచ్చిన నెలకే నాయన మద్రాసు నుంచి నాకోసం రెండు గినీపిగ్‌లు తెచ్చాడు. వెడల్పుగా ఉంటుందని నేను మామిడికాయల చెక్కపెట్టె చూపించాను. ఖాళీ పంజరం వేలాడితే ఇంటికి అరిష్టమని అవ్వ నమ్మకం.

"ఎలకలకి బంగళా కావాల్నా మే? దీంట్లోనే తొయ్యి" అంది.

ఒకటి తిరగాలంటే రెండోది ఊపిరి బిగబట్టాలి. అడుగు తీగలకు పాదాలు కోసుకుపోయాయి. "ఇరుగ్గా ఉండాది నాయనా" అని రోజూ ఏడ్చాను. అవ్వ కన్న కొడుకు కదా, నాయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

వారం తిరక్కముందే ఒకటి చచ్చింది. అవ్వ పంజరంలోకి తొంగిచూసి, "ఏడుస్తావేంది మే? సూడు, ఇప్పుడు కొలత సరిపోయింది" అంది.