ఎల్లాజీ అడిగే ప్రశ్న

ఉదయం ఎనిమిదింటికల్లా స్పిరిట్ దూది వాసన మా ల్యాబ్‌ను కమ్ముకుంటుంది. అది ముక్కుకు తగలగానే ఎల్లాజీ గారు గుర్తొస్తారు. సీతమ్మధారలోని ఈ ల్యాబ్‌లో నాకు రక్తం తీయడం నేర్పింది ఆయనే. జాలరిపేట మనిషి. నేను ఆయన కింద చేరేనాటికి మా తాతగారి బంగళా చేతులు మారి, ఆ స్థలంలో షాపింగ్ కాంప్లెక్స్ లేచింది. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోను. ఇక్కడ అవసరం కనుక రాస్తున్నాను. ఇస్త్రీ చొక్కాతో, నడుము నిటారుగా పెట్టి నిలబడేవాణ్ణి. మొదట్లో ఆయన్ను ‘గారు’ అనలేదు.

కార్టిసాల్ పరీక్షకు వచ్చినవాళ్ళను ఆయన కాసేపు కూర్చోబెట్టేవారు. ఒత్తిడి కలిగినప్పుడు ఒంట్లో పెరిగే హార్మోన్ అది. బస్సు దిగి పరుగున వచ్చినా మారవచ్చు. తర్వాత ఏ మందులు వాడుతున్నారని అడిగేవారు. ఆందోళనకు వేసుకునే మాత్రల సంగతి చాలామంది దాచేవారు. అందుకని ముందు తనే చెప్పేవారు: “నానూ ఏసుకుంతన్నాను బాబూ. మా తమ్ముడు సంద్రంలో ఏటకెల్లి తిరిగి రానేదు. అప్పట్నించీ. ఇందులో సిగ్గేటి?” అది విని స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి ఒకాయన, “మా ఆవిడతో అనకండి,” అంటూ జేబులోంచి మాత్రల అట్ట తీశాడు. “మీ ఆవిడొచ్చినా ఇదే అడుగుతాను,” అన్నారు ఎల్లాజీ. ఆయన నవ్వేశాడు.

“అందరినీ ఎందుకలా ఆరా తీయడం?” అన్నాను నేను.

“ఆ మాత్ర కంగారుతో పాటు కార్టిసాల్నీ దించొచ్చు. డాక్టరుగారికి ఆ సంగతి సెప్పకపోతే, దాన్ని తయారుసేసే గ్రంథే పాడయిందనుకుంటారు. నేని రోగానికి మందు రాసేత్తారు.”

అప్పటికే ఆ మాత్రలు నేనూ ఏడాదిగా వాడుతున్నాను. గాజువాకలో, నన్నెరగని డాక్టరు దగ్గర రాయించుకున్నాను. నీరసం, కళ్ళు తిరగడం మొదలయ్యాక ఇక్కడి డాక్టరు కార్టిసాల్ చూడమన్నారు. పరీక్ష కాగితంలో మందుల గడిలో ‘లేవు’ అని రాశాను. ఫలితం బాగా తక్కువొచ్చింది. మరికొన్ని పరీక్షలు చేయాలని, బహుశా జీవితాంతం స్టెరాయిడ్ వాడాల్సి రావచ్చని డాక్టరు అన్నారు. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. మాత్రల సంగతి అప్పుడూ దాచాను.

మర్నాడు ఎల్లాజీ నా కాగితం పట్టుకుని వచ్చారు. “బాబూ, మందులేవీ నేవా? నిజం సెప్పు. నాను ఏసుకోటం నేదేటి?”

వరండాలో పేషెంట్లు వింటున్నారు. “మీ పేటలో అలవాటేమో. మా ఇంట్లో ఎవరూ పిచ్చి మాత్రలు మింగరు,” అన్నాను.

ఆయన కాగితం బల్ల మీద పెట్టి, తన పని తాను చూసుకున్నారు. ఆ రోజునుంచి పేషెంట్లతో తన మాత్ర మాట ఎత్తలేదు.

వారం తర్వాత, తలుపు వేసుకుని డాక్టరుకు నిజం చెప్పాను. మాత్రను ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చని చెప్పి, మోతాదు కొద్దికొద్దిగా తగ్గించారు. కొన్ని నెలలకు కార్టిసాల్ మామూలుకు వచ్చింది. ఈలోగా ఎల్లాజీ తన మాత్రలను ఒక్క రోజులో ఆపేశారు. మాకెవరికీ తెలియదు. ఒక ఉదయం ట్యూబులు సర్దుతూ ఫిట్స్ వచ్చి పడిపోయారు. బతికారు గానీ కుడి చెయ్యి వణుకు తగ్గలేదు. ఆ చేతిలో సూది నిలవదు కనుక ఉద్యోగం పోయింది.

జాలరిపేటలో ఆయన ఇంటికి ఒక్కసారే వెళ్ళాను. నన్ను చూడగానే లేవబోయారు. “నీ మాటకి కాదు బాబూ, నాకే సిగ్గేసింది,” అన్నారు. సిగ్గేటి అని ఊరందరికీ చెప్పిన మనిషి. నేనూ అదే మాత్ర వేసుకున్నానని అప్పుడే చెప్పవలసింది. ఆయన భార్య ఇచ్చిన టీ తాగి, బస్సుకు వేళయిందని లేచాను. రెండేళ్ళ తర్వాత ఆయన పోయారు. నా కాగితం చూసినప్పుడే ఆయనకు అంతా తెలిసి ఉంటుంది. అయినా ఆ మాట నా నోట వినలేదు.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేను కూర్చుంటున్నాను. మందుల గురించి అడిగే ముందు ప్రతి ఒక్కరికీ చెబుతాను: “నేనూ వాడాను.” ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గర ఆ మాట ఎంత సులువుగా వస్తుందో.