నాయన దాచిన నీళ్లు

నారాయణఖేడ్ చుట్టుపక్కల చెరుకు కోసం అందరూ బోర్లు వేయిస్తుంటే మా నాయన ఒక్కడే వద్దన్నాడు. పాత బావి కింద జొన్న, కంది పండితే చాలన్నాడు.

"గా లోపలి నీళ్లు మనయి గావు. నీకు పుట్టబోయే పిల్లలయి," అన్నాడు నాతో. నాకప్పటికి పెళ్లి కూడా కాలేదు. ఇంట్లో అందరం నవ్వాం.

పక్క చేను పెద్దనాయన బోరు వేయించాడు. అందులో నీళ్లు తగ్గాయని దాని పక్కనే ఇంకా లోతుగా మరొకటి. ఆ రెండోది లాగుతుంటే మా బావి అడుగంటింది. నాయన రోజూ పొద్దున్నే వెళ్లి ఒడ్డు మీద నిలబడి లోపలికి చూసేవాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని నాకిప్పటికీ కోపమే. పోయేదాకా అలాగే చూశాడు.

మొన్న ఎండాకాలం నా బిడ్డను తీసుకుని చేను చూడ్డానికి వెళ్లాను. పెద్దనాయన పిలిచి, బోరు దగ్గర చెంబు నింపి ఇచ్చాడు. మంచి మనిషే.

"తాగు బిడ్డా, మా నీళ్లు మస్తు తియ్యగుంటయి."

నా బిడ్డ గటగటా తాగింది. మిగిలినవి నేను తాగాను.

మా బావి నీళ్ల రుచే.