శుక్రవారానికి కావాలి

మా లాండ్రీలో ఆవిడను పేరు పెట్టి పిలిచినవాళ్లు ఎవరూ లేరు. వచ్చిన ప్రతి బట్టకూ కాలర్ లోపలనో, అంచు మడతలోనో చెరగని సిరాతో గుర్తు పెట్టడం ఆవిడ పని. గీతలు, చుక్కలు, సున్నాలు. మూడు వందల ఇళ్ల గుర్తులు బుర్రలోనే ఉండేవి. అందుకే అందరికీ చుక్కలక్క. నేను పక్క బల్ల మీద ఇస్త్రీ చేసేదాన్ని. పదకొండేళ్లు ఒకే ఆవిరి పీల్చాం కాబట్టి ఆవిడ గురించి చెప్పే హక్కు నాకుంది. కాదన్నవాళ్లు వచ్చి నాతో తేల్చుకోవచ్చు.

ఆవిడకు ఇద్దరు తమ్ముళ్లు. తల్లి పోయేనాటికి పెద్దోడికి ఆరేళ్లు, చిన్నోడికి మూడు. ఆవిడే పెంచింది. అప్పట్లో తండ్రికి సొంత లాండ్రీ ఉండేది. బడి నుంచి రాగానే ఇద్దర్నీ తొట్టి దగ్గర నిలబెట్టి ఉతకడం నేర్పేది. "ముందు కాలర్, తర్వాత చేతుల అంచులు, ఆఖర్న మిగతాది. కాలర్ రెండుసార్లు రుద్దాలిరా. ఒక్కసారి రుద్దితే మోసం చేసినట్టే" అనేదట. చిన్నోడు సబ్బు నురగతో గడ్డం పెట్టుకుని గంతులేసేవాడు. పెద్దోడు మూడుసార్లు రుద్దేవాడు. వాడు మొదట్నుంచీ అంతే. చెప్పినదానికన్నా ఒకటి ఎక్కువే చేస్తాడు.

గోడౌన్ల వీధిలో ఒకాయన ఉండేవాడు. ఊరందరికీ బాబాయ్, ఎవరికీ చుట్టం కాదు. మత్తుమందు సరుకంతా ఆయన చేతి మీదుగానే నడిచేది. ఉతికిన బట్టల మూటల్లో ఆ సరుకు పెట్టి ఇళ్లకు చేర్చమని ఆయన మనుషులు చుక్కలక్క తండ్రిని అడిగారు. కుదరదన్నాడు. వారం తిరక్కుండా ఆయన లాండ్రీలో బాయిలర్ పేలి చనిపోయాడు. ప్రమాదమని కాగితాల్లో రాశారు. ముందురోజు ఆ బాయిలర్ మరలన్నీ బిగించి చూసింది చుక్కలక్కే. ఆవిడకు తెలియదా ఏది ప్రమాదమో? ఆ తర్వాతే మా లాండ్రీలో పనికి చేరింది.

పెద్దోడు మందిరానికి వెళ్లి మూడు రోజులు కదలకుండా కూర్చున్నాడు. నాలుగో రోజు లేచి, దేవుడు తనతో మాట్లాడాడని చెప్పాడు. బాబాయ్ మనుషులను ఊళ్లో లేకుండా చేయమన్నాడట. వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. అంత పెద్ద దేవుడికి ఆ పని చేసిపెట్టడానికి లాండ్రీ కుర్రాడు తప్ప దిక్కు లేకపోయిందా? చిన్నోడు మాత్రం అన్న ఎటంటే అటే. మొదట సరుకు తగలబెట్టారు. తర్వాత కాళ్లు విరగ్గొట్టారు. ఆ తర్వాత ముగ్గురి ప్రాణాలు తీశారు.

మొహాలకు గుడ్డ కట్టుకునేవాళ్లు కాబట్టి ఎవరో ఎవరికీ తెలియదు. జనం 'తెల్లచొక్కాలు' అని పిలిచేవారు. దేవుడి పనికి మాసిన బట్టతో వెళ్లకూడదనీ, అప్పుడే ఉతికిన తెల్లచొక్కా లేనిదే అడుగు బయట పెట్టకూడదనీ పెద్దోడు మందిరంలో ఒట్టు పెట్టుకున్నాడు. తామెవరో బాబాయ్‌కి తెలిస్తే ముందు అక్క మీద పడతాడని తమ్ముణ్ణి తీసుకుని ఇల్లు వదిలాడు. పని దొరికి వేరే ఊరు వెళ్లారని ఆవిడ వీధిలో చెప్పుకుంది.

నాలుగేళ్లు వాళ్ల మొహం చూడలేదు. చూసినవల్లా చొక్కాలే. ఒక లాడ్జి దుప్పట్ల మూటలో నెలకో, రెండు నెలలకో రెండు తెల్లచొక్కాలు వచ్చేవి. కాలర్ లోపల ఆవిడ పెట్టిన గుర్తు ఉండేది: ఒక గీత, దాని కింద రెండు చుక్కలు. జేబులో చీటీ ఉండేది, 'మంగళవారానికి కావాలి' అనో, 'ఆదివారానికి కావాలి' అనో. ఆవిడ చొక్కాలను వెంటనే తొట్టిలో వేసేది కాదు. ముందు ముక్కు దగ్గర పెట్టుకునేది.

"కంపు కొడుతోందక్కా, పడెయ్ తొట్టిలో" అనేదాన్ని.

"ఉండవే. ఇది చిన్నోడి చెమట. జ్వరం వచ్చి తగ్గినట్టుంది వెధవకి."

తర్వాత మరకలు వెతికేది, చిరుగులు వెతికేది. చిన్నోడి చొక్కాకు మూడో గుండీ ఎప్పుడూ ఊడిపోయేది. ప్రార్థన చేస్తూ దాన్ని మెలిపెట్టడం వాడికి అలవాటు. ఆవిడ గుండీ కుట్టి, దాన్ని కాసేపు అలాగే పట్టుకుని కూర్చునేది. వాళ్ల కోసం ఆవిడ కళ్లు కాయలు కాచిపోయాయి. అది చూస్తూ నేను ఇస్త్రీ పెట్టె బల్ల మీద బాదేదాన్ని. ఇంకేం చెయ్యను?

ఒకసారి జేబులో 'ఇంటికి రండిరా' అని రాసి పెట్టింది. అదే చీటీ తిరిగొచ్చింది. వెనక పెద్దోడి చేతిరాత: 'దేవుడు పంపినప్పుడు వస్తాం అక్కా.'

"ఆ దేవుణ్ణి ఒకసారి ఇటు పంపమను, నేను మాట్లాడతాను" అన్నాను. ఆవిడ నవ్వింది గానీ చీటీ మాత్రం నాకివ్వలేదు.

చివరిసారి చొక్కాలతో వచ్చిన చీటీలో 'శుక్రవారానికి కావాలి' అని ఉంది. ఆ మధ్యాహ్నమే బాబాయ్ డ్రైవరు ఆరు నల్లకోట్లు తెచ్చి బల్ల మీద పడేశాడు. వాళ్ల బట్టలూ మా దగ్గరికే వచ్చేవి మరి. గుర్తు పెట్టే సిరాకు మంచివాడూ చెడ్డవాడూ ఒకటే.

"ఇవి శుక్రవారం పొద్దున్నకల్లా కావాలి" అన్నాడు, అడక్కుండానే గొప్పలు పోతూ. "మూడింటికి బాబాయ్ గోడౌన్లో ఒంటరిగా ఉంటాడని మేమే పుకారు పుట్టించాం. తెల్లచొక్కాలు రావాలేగానీ, లోపల బాబాయ్ చుట్టూ ఇరవై మందిమి కాచుకుని ఉంటాం."

వాడు వెళ్లగానే ఆవిడ చొక్కా జేబులోని చీటీ తీసి మళ్లీ చదివింది.

"ఉచ్చు అని రాసి పెట్టక్కా" అన్నాను.

"రాస్తే పెద్దోడు ఆగుతాడా? ఇరవై మందినీ దేవుడు ఒకేచోట చేర్చాడు అంటాడు." చీటీ మడిచి మళ్లీ అంది, "చొక్కాలు పంపను. చొక్కా లేనిదే వాడు కదలడే. ఒట్టు తప్పే రకం కాదు."

గురువారం లాడ్జి మూట వెళ్లిపోయింది. చొక్కాలు మా దగ్గరే ఉన్నాయి. శుక్రవారం పదకొండింటికి ఆవిడ వాటిని మళ్లీ తడిపి తీగ మీద వేసింది.

శుక్రవారం పన్నెండు గంటలకు వెనక తలుపు తోసుకుని చిన్నోడు వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది, మనిషి సగమయ్యాడు. "అక్కా, చొక్కాలేవి?" అన్నాడు, నాలుగేళ్ల తర్వాత మొదటి మాటగా. చెంప పగలగొట్టాలనిపించింది నాకు.

"ఇంకా ఆరలేదురా. కూర్చో. అన్నయ్యేడి?"

"గోడౌన్ ఎదురుగా టీ కొట్లో. రెండున్నరకల్లా తెమ్మన్నాడు."

తన టిఫిన్ డబ్బా, నా డబ్బా రెండూ వాడి ముందు పెట్టింది. తుడిచినట్టు తినేశాడు. ఒక్క నిమిషం ఒరుగుతానంటూ అప్పుడే ఇస్త్రీ చేసిన వెచ్చటి దుప్పట్ల మీద పడి నిద్రపోయాడు. ఎన్నాళ్ల నిద్రో పాపం.

రెండింటికి చొక్కాలు ఆరాయి. ఆవిడ తీగ మీంచి తీసి మళ్లీ నీళ్లలో ముంచింది. నేను చూశాను. చూసి, నా ఇస్త్రీ నేను చేసుకున్నాను. ఆవిడ స్టూలు లాక్కుని వాడి తల దగ్గర కూర్చుంది. వాడి జుట్టు మీద చెయ్యి వేసి, లేస్తాడేమోనని తీసేసి, మళ్లీ వేసింది. గడియారంలో మూడు దాటింది. వీధి మామూలుగానే ఉంది.

"చూశావా, కదల్లేదు వాడు" అంది. ఆవిడ మొహం అంత తేటగా నేనెప్పుడూ చూడలేదు. "సాయంత్రం వాడూ తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఇక్కడికే వస్తాడు. చూస్తుండు."

నాలుగింటికి వీధిలో జనం పరుగెత్తారు. గోడౌన్లో బాబాయ్ పోయాడన్నారు. తెల్లచొక్కా కూడా పోయాడన్నారు. ఒక్కడే వచ్చాడన్నారు.

జరిగింది టీ కొట్టాయన తర్వాత చెప్పాడు. పెద్దోడు మూడు కావస్తుండగా లేచి, సబ్బు ముక్క అడిగాడట. ఒంటి మీది మాసిన తెల్లచొక్కా విప్పి, కొట్టు కుళాయి కింద ఉతికి, పిండి, తడి చొక్కానే తొడుక్కున్నాడట. రోడ్డు దాటే ముందు రెండు చేతులూ జోడించాడట.

ఆసుపత్రివాళ్లు ఆ చొక్కాను సంచిలో పెట్టి ఇచ్చారు. ఇంకా తడిగానే ఉంది. రక్తం వైపు చూడకుండా ఆవిడ ముందు కాలర్ తిప్పింది. నూలు పైకి లేచి ఉంది.

"మూడుసార్లు రుద్దాడే" అంది. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు నేను చెప్పలేను.

బాబాయ్ పోయాక వాడి మనుషులు చెల్లాచెదురయ్యారు. జనం పెద్దోణ్ణి దేవుడన్నారు. నా ముందు అన్నవాళ్లకు నాలుగు తగిలించాను. ఇప్పుడు చిన్నోడు మా లాండ్రీలోనే తొట్టి దగ్గర ఉతుకుతాడు. మందిరానికి వెళ్లడు. "నన్నెందుకు లేపలేదు?" అని ఒక్కసారి అడిగాడు. ఆ తర్వాత ఆవిడను అక్కా అని పిలవలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆవిడకు నాలుగడుగుల దూరంలో ఉంటాడు. ఆవిడ మాత్రం వాడు ఎక్కడో దూరాన ఉన్నట్టే చూస్తుంది.

ఆ రోజు నీళ్లలో ముంచిన పెద్దోడి చొక్కా, తీసుకెళ్లాల్సిన బట్టల అరలో అన్నిటికన్నా పైన ఉంటుంది. ప్రతి శుక్రవారం దించి, ఉతికి, ఆరాక నా బల్ల మీద తనే ఇస్త్రీ చేసి, అదే 'శుక్రవారానికి కావాలి' చీటీ గుచ్చి పెడుతుంది.

"తీసెయ్యక్కా" అన్నాను మొన్న. "ఎన్నాళ్లు ఉతుకుతావు, చిరిగిపోతుంది."

"వద్దే" అంది, మడత సరిచేస్తూ. "ఈసారి ఆలస్యం చెయ్యను. ఆరింది, ఇస్త్రీ కూడా అయింది. ఒక్కసారి వచ్చి అడగమను, వెంటనే ఇచ్చేస్తాను."