ఆర్విల్ కుడిచెయ్యి

ఈరీ సరస్సు ఒడ్డున గురి పోటీలంటే ఆర్విల్ స్టాట్లర్ అందరికంటే ముందొచ్చి, పచ్చికలో బోర్లా పడుకుని, చెంప రైఫిల్‌కి ఆనిస్తాడు. కాల్చిన ప్రతిసారీ రైఫిల్ పక్కనుండే పిడి లాగి ఖాళీ డొల్ల పడేసి, కొత్త తూటా లోపలికి తోయడం అతని ముప్పై ఏళ్ల అలవాటు. ఈ ఏడు జట్టుకిచ్చిన కొత్త రైఫిల్ ఆ పని తనే చేసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కుతూ పోవడమే. నిన్న ఎనిమిది తూటాలు నింపి గబగబా కాల్చాడు. గురిబల్ల మీద నాలుగే చిల్లులు! "మిగతావి సరస్సులో పడ్డాయేంట్రా?" అన్నాడు బిత్తరపోయి. పక్కనున్న లాయిడ్ గడ్డిలోంచి పేలని తూటాలు ఏరి అతని చేతిలో పోశాడు. "కాల్చినప్పుడల్లా పిడి లాగి, బంగారంలాంటి తూటాల్ని నువ్వే బయట పారేశావ్ గురూ." "నేనా? నేను లాగలేదే!" "మరి మీ తాతొచ్చి లాగాడా?" ఆర్విల్ తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

ఇవాళ కూడా తప్పితే జట్టులో చోటుండదు. పళ్లు బిగించి మొదటి గుండు కాల్చాడు. సరిగ్గా నడిమధ్యన తగిలింది. "చూశావా, పిడి ముట్టుకోనైనా లేదు!" అన్నాడు, ముఖం చేటంత చేసుకుని. లాయిడ్ అతని మోచేతి పక్కన ఖాళీ డొల్లకి తోడుగా మెరుస్తున్న పేలని తూటా వైపు చూస్తూ ఉండిపోయాడు.