కాగితానికి ఒకవైపే

“రెండువైపులా రాయించింది నువ్వే కదా అమ్మమ్మా. ఇప్పుడు చూడు, వెనక్కి పంపేశారు.”

“వెనకంతా తెల్లగా ఉన్న కాగితాన్ని పారేసుకోమంటావా? ప్రెస్సువాళ్ళ వైభోగం మనకెందుకే?”

“వైభోగం కాదు. ఒక్కో కాగితం ఒక్కో కంపోజిటరు ముందు పెట్టుకుని అక్షరాలు పేరుస్తాడు. ఒకే కాగితాన్ని ఇద్దరెలా పట్టుకుంటారు?”

ఆ మాట నిజమే. పైకి మాత్రం ఒప్పుకోలేదు.

ఇవాళ బడిపిల్లలు మా మనవరాలి పుస్తకాలు లైబ్రరీలో అడిగి మరీ తీసుకుంటారు. అప్పటికి బాపట్లలో టీచరు ట్రైనింగు చదువుతోంది. బొమ్మల కథలు దాటేసి, వారపత్రికల్లో పెద్దవాళ్ళ సీరియల్సు ఇంకా ఒంటబట్టని పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లలకని మొదటి నవల రాసింది. తెనాలిలో ప్రెస్సాయన వేస్తానన్నాడు. సెలవులకి రేపల్లె వచ్చి శుద్ధప్రతి రాసుకుంటుంటే, బీరువాలోంచి కాగితాలు తీసిచ్చేదాన్ని నేనే. అయిపోవస్తున్నాయని చివరి పదిహేనూ రెండువైపులా రాయించాను. అవే ఆ పొద్దున టపాలో తిరిగొచ్చాయి. మర్నాడు ఉదయానికి అందకపోతే ఇంకొకరి నవల ఎక్కిస్తామని చీటీ కూడా పెట్టారు.

సగం తను, సగం నేను తిరగరాయడానికి కూర్చున్నాం. నేను చదివింది మూడో తరగతే గానీ అక్షరం గుండ్రంగా ఉంటుంది. నాలుగో పేజీలో చెయ్యి ఆగిపోయింది. కథలో పిల్లని అమ్మమ్మ బడి మాన్పిస్తుంది. పిల్ల అప్పుడు ఏడవదు. తన పుస్తకాలు పక్కింటి పిల్లకి ఇచ్చేస్తే ఏడుస్తుంది.

నా కూతురికి, మా మనవరాలి తల్లికి, నేను చేసిన పనే అది. వృథాగా పడి ఉండటమెందుకని ఇచ్చేశాను. ఏడ్చిందని నాకెవరూ చెప్పలేదు.

“ఈ పేజీ తీసెయ్యి. భట్టిప్రోలు నుంచి చెరుకుపల్లి దాకా మన చుట్టాలే. నన్నేనని పోల్చుకుంటారు.”

“పోల్చుకోనీ. అది తీస్తే ఇంక పుస్తకమే లేదు. అసలు అచ్చే మానేస్తాను.”

కలానికి మూత పెట్టేసి గోడవైపు తిరిగి కూర్చుంది. అచ్చంగా నా మొండితనమే. ఎండ వాకిలి దాటి పోయింది. ఇద్దరి కాగితాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. చివరికి నేనే కలం తీశాను. అది చూసి తనూ తీసింది.

మర్నాడు మొదటి బండికి తెనాలి వెళ్ళాం. మనవరాలు ముప్పై కాగితాలూ ప్రెస్సాయన చేతికిచ్చింది. ఆయన తిరగేస్తూ, ఇదెవరి దస్తూరీ అండి, అన్నాడు. నాదేనన్నాను. నా నాలుగో పేజీ తీసి దగ్గరున్న కంపోజిటరుకిచ్చాడు. అతను దాన్ని ఎదురుగా పెట్టుకుని పేర్చడం మొదలుపెట్టాడు.